పసిపిల్లలు, కథలు, పంచుకునే గుణం

పిల్లలు పంచుకోవాలని పెద్దలు అన్నప్పుడు వారు కోరేది ఒకే పని కాదు. ఇంటిల్లిపాదికీ అని వచ్చిన పండ్లను అక్కాతమ్ముళ్లు సమంగా తీసుకోవడం ఒకటి. ఒక్కటే ఉన్న ఉయ్యాలను వంతులవారీగా ఊగడం మరొకటి. తన చేతిలో ఉన్న, తనకు ఇష్టమైన దానిలోంచి ఎదుటివారికి ఇవ్వడం మూడోది. మొదటిది న్యాయం, రెండోది ఓర్పు, మూడోది దానం. మొదటి రెండింటికీ నియమం పెట్టవచ్చు. నియమం తప్పితే పెద్దలు సరిదిద్దవచ్చు. మూడోదానికి నియమం పెడితే దాని స్వభావమే మారిపోతుంది, ఎందుకంటే చేతిలోంచి లాక్కుని ఇప్పించింది దానం కాదు. పసివారికి పంచుకోవడం నేర్పే కథల వెనుక ఉన్న తాత్త్విక ప్రశ్న ఇక్కడే పుడుతుంది. తనంతట తానుగా చేస్తేనే విలువ కలిగే పనిని ఒకరు మరొకరికి ఎలా నేర్పగలరు? మతసంప్రదాయాలన్నీ ఈ ప్రశ్నకు కథల రూపంలో జవాబు వెతికాయి. ఆ కథల్లో ఏవి చిన్నపిల్లలకు తగినవో, ఏవి కొన్నాళ్లు ఆగవలసినవో, వాటిని ఎలా చెప్పాలో తెలుసుకోవడం ఆ జవాబును అర్థం చేసుకోవడమే.

శాసనం, కథ

ఋగ్వేదం పదో మండలంలోని 117వ సూక్తం ఆకలితో వచ్చినవాడికి పెట్టకుండా ఒంటరిగా తినేవాణ్ణి తీవ్రంగా నిందిస్తుంది. భగవద్గీత మూడో అధ్యాయం కేవలం తమ కోసమే వండుకునేవారి తిండిని పాపంతో సమానం చేస్తుంది. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి, చదువు ముగించుకుని ఇంటికి వెళ్లే శిష్యుడికి ఇవ్వమని మాత్రమే చెప్పి ఊరుకోదు. శ్రద్ధ, అణకువ, వివేకం ఉన్న చేతులతో ఇవ్వమని ఇచ్చే తీరును కూడా నేర్పుతుంది. ఖుర్ఆన్‌లోని 107వ సూరా అనాథను తోసివేసేవాణ్ణీ, ఇరుగుపొరుగుకు చిన్నపాటి వస్తుసాయం కూడా చేయనివాణ్ణీ ఒకే వరుసలో నిలబెట్టి తప్పుపడుతుంది. ఏడాదిపాటు మిగిలిన సంపదలో 2.5 శాతం జకాత్‌గా ఇవ్వడం స్తోమత ఉన్న ముస్లింల విధి. సిక్కు ధర్మంలో కష్టపడి సంపాదించడం, నామాన్ని స్మరించడం, నలుగురితో పంచుకుని తినడం అనే మూడూ జీవనానికి ఆధారాలు.

ఈ శాసనాలన్నీ గృహస్థును ఉద్దేశించినవి. ఆయనకు ఇల్లుంది, సంపాదన ఉంది, వాకిట్లోకి అతిథి వస్తాడు. నాలుగేళ్ల పిల్లకు వీటిలో ఏదీ లేదు. ఆమెకున్నది ఒక బొమ్మ, చేతిలో ఒక మిఠాయి, ఎదురుగా ఒక తోటి పిల్లవాడు. శాసనం ఆమె దాకా రావాలంటే అది ఎవరో ఒకరి చేతులమీదుగా, ఏదో ఒక ఆకలి పూట జరిగిన సంఘటనగా మారి రావాలి. కథ చేసే పని అదే. ఏం చేయాలో శాసనం చెబుతుంది. కథ మాత్రం ఒక మనిషిని తినబోయే అన్నం ముందు కూర్చోబెట్టి, గుమ్మంలో మరో ఆకలిగొన్నవాణ్ణి నిలబెట్టి, ఇప్పుడేం జరుగుతుందా అని వినేవారు ఊపిరి బిగబట్టేలా చేస్తుంది. ఆ క్షణంలో నిర్ణయం కథలోని మనిషిదే అయినా, వినే పిల్ల కూడా లోలోపల ఒక నిర్ణయం తీసుకుంటుంది.

పసిమనసుకు తెలిసినది, తెలియనిది

చిన్నపిల్లలు పుట్టుకతో స్వార్థపరులని, మంచి మాటలతో వారిని మార్చాలని చాలామంది అనుకుంటారు. గత రెండు దశాబ్దాల్లో జరిగిన పరిశోధనలు దీనికి భిన్నమైన చిత్రాన్ని చూపుతున్నాయి. పెద్దవారి చేతిలోంచి వస్తువు జారిపడి అందకపోతే 18 నెలల పిల్లలు ఎవరూ అడగకుండానే తీసి ఇస్తారని ఫెలిక్స్ వార్నెకన్, మైకేల్ టొమసెల్లో 2006లో చూపారు. రెండేళ్లు నిండని పిల్లలు తమకు తినుబండారం దొరికినప్పటికంటే దాన్ని మరొకరికి ఇచ్చినప్పుడు ఎక్కువ సంతోషం కనబరచారని 2012లో లారా అక్నిన్, కైలీ హామ్లిన్, ఎలిజబెత్ డన్ ప్రచురించారు. ఎక్కడో దొరికినదాన్ని ఇచ్చినప్పటికంటే సొంత గిన్నెలోంచి తీసి ఇచ్చినప్పుడు ఆ సంతోషం ఇంకా ఎక్కువగా ఉంది.

అయితే ఇచ్చే సంతోషం తెలిసినంత మాత్రాన ప్రతిసారీ ఇస్తారని కాదు. ఎర్న్‌స్ట్ ఫెర్, ఆయన సహచరులు స్విట్జర్లాండ్‌లో 229 మంది పిల్లలతో చేసిన అధ్యయనం 2008లో వెలువడింది. అందులో మూడు, నాలుగేళ్ల పిల్లల్లో ఎక్కువమంది తమ లాభమే చూసుకున్నారు. ఏడు, ఎనిమిదేళ్లు వచ్చేసరికి సమానంగా పంచడం వైపు మొగ్గారు. 2013లో క్రెయిగ్ స్మిత్, పీటర్ బ్లేక్, పాల్ హారిస్ చేసిన పరిశీలన మరింత ఆలోచింపజేస్తుంది. మూడేళ్ల పిల్లలకు కూడా సగం ఇవ్వడమే సబబని తెలుసు, తమకు ఇతరులు అలాగే ఇవ్వాలనీ కోరుకుంటారు. కానీ స్టికర్లు తమ చేతికి వచ్చేసరికి ఎక్కువ భాగం తమకే అట్టిపెట్టుకున్నారు.

అంటే పసివారికి కొరత నియమం తెలియకపోవడంలో లేదు. తెలిసిన నియమానికీ చేతికీ మధ్య ఒక దూరం ఉంది. పంచుకోవాలి అని మళ్లీ మళ్లీ చెబితే ఆ దూరం తగ్గదు, ఎందుకంటే ఆ మాట వారికి ఇదివరకే తెలుసు. ఎదుటివారి ఆకలినీ చిన్నబోయిన ముఖాన్నీ చూపి, ఇచ్చిన తరువాత కలిగే సంతోషాన్ని ముందే రుచి చూపించగలిగిన కథకు మాత్రమే ఆ దూరాన్ని తగ్గించే శక్తి ఉంటుంది.

రెండేళ్ల పిల్లవాడు బొమ్మను గుండెకు హత్తుకుని నాది అన్నప్పుడు పెద్దలు దాన్ని దుర్గుణంగా చూడడం పొరపాటు. తనదంటూ ఏదైనా ఉందని తెలిసినవాడే దాన్ని ఇవ్వగలడు. దానం చేసే గుణానికి సొంతం అన్న భావన మొదటి మెట్టు. ఆ మెట్టు మీద నిలదొక్కుకోకముందే ఇమ్మని తొందరపెట్టే ఇంట్లో, అడిగేవారు దగ్గరికి వస్తే వస్తువును దాచుకోవడమే పిల్లలు ముందుగా నేర్చుకుంటారు.

ప్రతిఫలం అనే చిక్కు

కథల ద్వారా ఔదార్యం నేర్పడంలో అతి పెద్ద చిక్కు ప్రతిఫలం. ఇచ్చినవాడికి చివరికి ఎక్కువే దక్కిందని ముగిసే కథ ఇవ్వడాన్ని నేర్పుతుందా, బేరాన్ని నేర్పుతుందా? యూరప్‌లో ఈ వాదం ఇద్దరు తత్త్వవేత్తల మధ్య స్పష్టంగా నడిచింది. జాన్ లాక్ 1693లో ప్రచురించిన విద్యాగ్రంథంలో, అందరికంటే ఎక్కువ ఇచ్చేవారికే అందరికంటే ఎక్కువ దక్కుతుందని పిల్లలు అనుభవంతో తెలుసుకునేలా చేయమన్నాడు. జాన్ జాక్ రూసో 1762లో వచ్చిన ఎమిల్‌లో దీన్ని గట్టిగా ఖండించాడు. అలా పెరిగిన పిల్లవాడు పైకి దాతలా కనిపిస్తూ లోపల వడ్డీవ్యాపారిగా తయారవుతాడని, తిరిగి రావడం ఆగిన రోజున ఇవ్వడమూ ఆపేస్తాడని ఆయన అభ్యంతరం.

భగవద్గీత పదిహేడో అధ్యాయం ఇదే తేడాను మరో తీరులో గుర్తిస్తుంది. తిరిగి ఏమీ చేయలేనివారికి, ఇవ్వడం తన విధి అన్న భావంతో ఇచ్చేది సాత్త్వికం. ఫలాన్ని ఆశించి, మనసులో నొచ్చుకుంటూ ఇచ్చేది రాజసం. చోటూ సమయమూ చూడకుండా, తీసుకునేవారిని తక్కువ చేసి ఇచ్చేది తామసం. ఆధునిక పరిశోధనలోనూ ఈ హెచ్చరికకు ఆధారం దొరికింది. 20 నెలల పిల్లల్లో సాయం చేసినందుకు వస్తురూపంలో బహుమతి పొందినవారు ఆ తరువాత సాయం చేయడం తగ్గించారని వార్నెకన్, టొమసెల్లో 2008లో చూపారు. మెచ్చుకోలు మాటలు విన్నవారిలోనూ, ఏ స్పందనా పొందనివారిలోనూ ఆ తగ్గుదల కనిపించలేదు.

మరి మన పురాణకథల్లో చాలావాటికి చివర దేవతల అనుగ్రహమో సంపదో ఉంటుంది కదా అన్న ప్రశ్న సహజం. దీనికి జవాబు ఆ కథల నిర్మాణంలోనే ఉంది. భాగవతం నవమ స్కంధంలోని రంతిదేవుడి కథ అందుకు మంచి ఉదాహరణ. ఆయన కుటుంబంతో సహా 48 రోజులు తిండీ నీళ్లూ లేకుండా గడుపుతాడు. 49వ రోజు ఉదయం నేతితో వండిన పాయసం, కాసిని నీళ్లు దొరుకుతాయి. తినబోయే వేళకు ఒక బ్రాహ్మణుడు వస్తాడు, ఆయనకు పెడతాడు. మిగిలినదాన్ని ఇంటివారికి పంచబోతుండగా ఒక శూద్రుడు, ఆ తరువాత కుక్కలతో ఒక మనిషి వస్తారు. అన్నం అయిపోతుంది. ఒకరికి సరిపడే నీళ్లు మాత్రం మిగులుతాయి. వాటిని తాగబోతుండగా సమాజం దూరంగా ఉంచిన చండాలుడు ఒకడు దాహంతో వచ్చి అడుగుతాడు. రంతిదేవుడు ఆ నీళ్లూ ఇచ్చేస్తాడు. సిద్ధులు గానీ మోక్షం గానీ తనకు అక్కరలేదని, అన్ని ప్రాణుల్లోనూ నిలిచి వాటి బాధను తాను పడితే చాలునని ఆయన కోరిక. దేవతలు ప్రత్యక్షమైనా ఆయన వారిని ఏమీ అడగడు.

ఈ కథలో ప్రతిఫలం ఉంది, కానీ అది ఇచ్చినవాడి లెక్కలో లేదు. దేవతలు రాకపోయినా రంతిదేవుడు చేసిన పనిలో లోపమేమీ ఉండదు. పిల్లలకు కథ ఎంచుకునేటప్పుడు ఇది నమ్మదగిన పరీక్ష. చివర ఉన్న బహుమతిని తీసేసి కథను చెప్పి చూడాలి. అప్పటికీ ఆ పని అందంగానే కనిపిస్తే అది పంచుకునే గుణాన్ని చెప్పే కథ. బహుమతి తీసేయగానే ఇచ్చినవాడు మోసపోయినట్టు అనిపిస్తే అది లాభనష్టాల కథ.

ఎవరి వాటా వారిదే

మహాభారతంలోని అశ్వమేధపర్వం ఈ విషయంలో ఒక అరుదైన కథను అందిస్తుంది. ధర్మరాజు చేసిన మహాయాగం ముగిశాక, సగం ఒళ్లు బంగారమైన ఒక ముంగిస వచ్చి, ఈ యాగం కురుక్షేత్రంలోని ఒక పేద బ్రాహ్మణుడు ఇచ్చిన పేలపిండికి సాటిరాదని అంటుంది. ఆ బ్రాహ్మణుడు పొలాల్లో రాలిన గింజలు ఏరుకుని బతికేవాడు. కరవుకాలంలో ఒకనాడు ఆ ఇంటికి కొద్దిగా యవల పిండి దొరికింది. భార్య, కొడుకు, కోడలు, తాను నాలుగు వాటాలు వేసుకున్నారు. అప్పుడే అతిథి వచ్చాడు. బ్రాహ్మణుడు తన వాటా ఇచ్చాడు, అతిథి ఆకలి తీరలేదు. భార్య తన వాటా ఇమ్మంది. ఆమె ఎముకలు తేలి ఉండడం చూసి ఆయన ఒప్పుకోలేదు. ఆమె వాదించి ఒప్పించింది. అలాగే కొడుకు, చివరికి కోడలు. ప్రతిసారీ ఆయన వద్దనడమూ, ఇచ్చేవారు పట్టుబట్టడమూ కథలో వివరంగా ఉంటాయి. అతిథి తృప్తిపడ్డాక అక్కడ రాలిన పిండిలో దొర్లిన ముంగిసకు సగం ఒళ్లు బంగారమైంది. మిగతా సగం కోసం అది యాగశాలలన్నీ తిరుగుతూ వచ్చింది, ధర్మరాజు యాగంలోనూ ఆ సగం మారలేదు.

దానం విలువ ఇచ్చినదాని పరిమాణంలో ఉండదని ఈ కథ చెబుతుందని అందరూ గుర్తిస్తారు. కొత్త నిబంధనలో ఏసు, ధనవంతులు వేసిన పెద్ద మొత్తాలకంటే పేద వితంతువు వేసిన రెండు చిన్న నాణేలే ఎక్కువని చెప్పిన సందర్భమూ ఇదే సత్యాన్ని చూపుతుంది. కానీ పేలపిండి కథలో ఇంకొకటి ఉంది. ఇంటి యజమాని అయి కూడా ఆ బ్రాహ్మణుడు మిగతావారి వాటాల మీద చేయి వేయలేదు. ఎవరి వాటాను వారే, తమ ఇష్టంతో ఇచ్చారు. చిన్నవారి నుంచి పెద్దవారి దాకా ఆ ఇంట్లో ప్రతి ఒక్కరికీ తమదంటూ ఒక వాటా, దాని మీద నిర్ణయం ఉన్నాయి.

దీనికి ఎదురుగా వెస్సంతర జాతకాన్ని ఉంచి చూస్తే తేడా తెలుస్తుంది. బుద్ధుడి పూర్వజన్మ కథలైన జాతకాల్లో చివరిదైన ఈ కథలో వెస్సంతర రాజకుమారుడు తన పిల్లలిద్దరినీ కూడా అడిగినవాడికి ఇచ్చేస్తాడు. బౌద్ధ సంప్రదాయంలో ఇది దానపారమితకు పరాకాష్ఠ, థేరవాద దేశాల్లో ఎంతో భక్తితో వింటారు. అయితే చిన్నపిల్లలు ఈ కథ వింటే తమను ఇచ్చిన తండ్రివైపు కాక, ఏడుస్తూ వెళ్లిన పిల్లల వైపు నిలబడతారు. అది వారి తప్పు కాదు. శిబి చక్రవర్తి తన ఒంటి మాంసం కోసి ఇవ్వడం, శశ జాతకంలోని కుందేలు నిప్పుల్లో దూకడం కూడా ఇటువంటివే. త్యాగానికి ఉన్న ఎత్తును చూపే ఈ కథలు పదేళ్లు దాటిన పిల్లలకు ఆలోచనకు మేత పెడతాయి. నాలుగేళ్ల పిల్లకు మాత్రం ఇవ్వడమంటే ఒళ్లు కోసుకోవడమే అన్న భయాన్ని మిగల్చవచ్చు.

కఠోపనిషత్తు తెరుచుకునే సందర్భం కూడా ఇక్కడ గుర్తుచేసుకోదగినది. నచికేతుడి తండ్రి యాగంలో ఇస్తున్నవి ఇక మేయలేని, పాలివ్వలేని ముసలి ఆవులు. అది దానం కాదని మొదట కనిపెట్టినవాడు అక్కడున్న చిన్నపిల్లవాడు. విరిగిన బొమ్మను ఇంకొకరికి ఇప్పించి అది పంచుకోవడమని చెప్పే పెద్దల మాటను పిల్లలు ఎంత తొందరగా పసిగడతారో ఈ కథ ప్రాచీనకాలంలోనే నమోదు చేసింది.

ఇచ్చే నిర్ణయం పిల్లల చేతిలో ఉండడం ఎంత ముఖ్యమో నదియా చెర్న్యాక్, తమర్ కుష్నిర్ 2013లో పరీక్షించారు. దిగులుగా ఉన్న బొమ్మకు స్టికర్ ఇవ్వడమో, దాన్ని తామే ఉంచుకోవడమో తేల్చుకునే స్వేచ్ఛ దొరికిన పిల్లలు, ఆ తరువాత మరో బొమ్మతోనూ ఎక్కువగా పంచుకున్నారు. ఇవ్వక తప్పని స్థితిలో ఇచ్చినవారిలో ఆ మార్పు అంతగా రాలేదు. తన ఇష్టంతో ఒకసారి ఇచ్చిన పిల్ల తాను ఇచ్చే మనిషినని తెలుసుకుంటుంది. బలవంతాన ఇచ్చిన పిల్లకు తెలిసేది పెద్దల బలం మాత్రమే.

న్యాయం నేర్పే కథలు

దానానికి ముందు పిల్లలు బలంగా పట్టుకునేది న్యాయం. పంపకంలో తేడా వస్తే మూడేళ్ల పిల్లకూ కోపం వస్తుంది. అయితే ఆ కోపం మొదట తనకు తక్కువైనప్పుడే వస్తుంది. పీటర్ బ్లేక్ బృందం భారత్‌తో సహా ఏడు దేశాల్లో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, తనకు తక్కువైతే ఒప్పుకోకపోవడం అన్ని చోట్లా కనిపించింది. తనకు ఎక్కువైనా ఒప్పుకోకపోవడం మూడు దేశాల్లోనే, అదీ కాస్త పెద్ద పిల్లల్లోనే కనిపించింది. మొదటిది సహజంగా వస్తుంది, రెండోదాన్ని పెంపకం పెంచాలి.

ఈ దశకు తగిన కథలు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. దబ్భపుప్ఫ జాతకంలో రెండు నీటికుక్కలు కలిసి ఒక పెద్ద చేపను పడతాయి. పంపకంలో పేచీ పడి నక్కను తీర్పు అడుగుతాయి. నక్క ఒకదానికి తల, ఇంకొకదానికి తోక ఇచ్చి, నడిమి భాగాన్ని తీర్పు చెప్పినందుకు తన వాటాగా పట్టుకుపోతుంది. రొట్టె కోసం పోట్లాడుకున్న రెండు పిల్లులకు కోతి తీర్పు చెప్పిన కథ ఇంటింటా చెప్పుకునేదే. ఇవి దానాన్ని నేర్పవు. కలిసి సంపాదించినదాన్ని కలిసి పంచుకోలేకపోతే ఇద్దరికీ దక్కదన్న లోకజ్ఞానాన్ని నేర్పుతాయి. నాలుగేళ్ల పిల్లకు ఇది సరిగ్గా అందే పాఠం.

పంచతంత్రం మిత్రలాభంలోని చిత్రగ్రీవుడి కథ న్యాయం నుంచి దానానికి వేసిన వంతెన. వలలో చిక్కిన పావురాలు ఒక్కసారిగా ఎగిరి, వలతో సహా హిరణ్యకుడనే ఎలుక దగ్గరికి చేరతాయి. మిత్రుడు కాబట్టి హిరణ్యకుడు మొదట పావురాల రాజు కట్లు కొరకబోతాడు. తనతో వచ్చినవారి కట్లు ముందు తెంచమని చిత్రగ్రీవుడు కోరతాడు. ఇందులో పంచుకునేది తిండి కాదు, విడుదల. అందరికీ అందుతుంది, ఎవరికి ముందు అన్నదే ప్రశ్న. వంతు కోసం ఆగడం కష్టంగా ఉండే వయసులో, ముందు వంతు తనకే వచ్చినా ఇంకొకరికి వదిలిన రాజు కథ పిల్లల మనసును బలంగా తాకుతుంది. తెలుగులో ఇది పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక ద్వారా తరతరాల విద్యార్థులకు చేరింది.

జంతువుల కథలు, మనుషుల కథలు

జంతువుల కథలతో పిల్లలకు నీతి నేర్పడం పంచతంత్రం నుంచి వస్తున్న పద్ధతి. దీని మీద కూడా రూసో ఒక అభ్యంతరం చెప్పాడు. కాకిని పొగిడి దాని నోటిలోని జున్నుముక్కను నక్క కాజేసిన కథ విన్న పిల్లవాడు కాకిని చూసి జాగ్రత్త నేర్చుకోడని, గెలిచిన నక్కనే ఇష్టపడతాడని ఆయన వాదన. టొరంటో విశ్వవిద్యాలయంలో నికోల్ లార్సన్, కాంగ్ లీ, పట్రీషియా గనియా చేసిన పరిశోధన 2017లో వెలువడింది. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల్లో కొందరికి పంచుకోవడం నేర్చుకున్న రకూన్ కథను జంతువుల బొమ్మలతోనూ, కొందరికి అదే కథను మనుషుల బొమ్మలతోనూ చదివి వినిపించారు. మనుషుల కథ విన్నవారు ఆ తరువాత ఎక్కువ స్టికర్లు పంచుకున్నారు. జంతువుల కథ విన్నవారిలో ఆ పెరుగుదల లేదు. కథలోని జంతువును మనిషిలాంటిదిగా భావించిన పిల్లలు మాత్రం కొంత ఎక్కువగా పంచుకున్నారు.

ఒక్క పరిశోధనతో పంచతంత్రాన్ని పక్కన పెట్టనక్కరలేదు. అయితే కథ పిల్లల జీవితానికి ఎంత దగ్గరగా ఉంటే వారి చేతుల్లోకి అంత తేలికగా వస్తుందన్నది గట్టి సూచన. జంతువుల కథ చెప్పినప్పుడు చెప్పేవారే ఆ వంతెన కట్టాలి. నక్క చేసినట్టే బడిలో ఎవరైనా చేస్తే ఏమవుతుందని అడిగితే నీటికుక్కల చేప మధ్యాహ్నపు టిఫిన్ డబ్బా దాకా వస్తుంది.

పుచ్చుకునేవారి గౌరవం

పంచుకునే కథల్లో తరచు మరుగునపడేది తీసుకునేవారి మనసు. ఇచ్చేవాడే కథానాయకుడైతే, తీసుకునేవాడు వాడి గొప్పతనం కనబడడానికి నిలబెట్టిన బొమ్మ అయిపోతాడు. అలాంటి కథలు ఎక్కువగా విన్న పిల్లలు తమకంటే లేనివారిని జాలితో చూడడం నేర్చుకుంటారు, సాటివారిగా చూడడం నేర్చుకోరు.

భాగవతం దశమ స్కంధంలోని కుచేలుడి కథ ఈ లోపాన్ని దిద్దుతుంది. భార్య ఇరుగుపొరుగును అడిగి తెచ్చిన నాలుగు గుప్పెళ్ల అటుకులు చిరిగిన గుడ్డలో మూటగట్టుకుని ఆయన ద్వారకకు వెళతాడు. ఆ వైభవం చూశాక మూట విప్పడానికి సిగ్గుపడతాడు. కృష్ణుడే మూట లాక్కుని గుప్పెడు అటుకులు నోట్లో వేసుకుని ఎంతో సంతోషిస్తాడు. ఇక్కడ ఇచ్చేవాడు పేద, పుచ్చుకునేవాడు రాజు. ఇంత చిన్నది ఇస్తే నవ్వుతారేమో అన్న బిడియం పిల్లలకూ ఉంటుంది. ఎదుటివారు ఇచ్చినదాన్ని ఆనందంగా తీసుకోవడం కూడా పంచుకోవడంలో సగమని ఈ కథ చూపుతుంది. పోతన భాగవతంలో కృష్ణుడు గోపబాలురతో కలిసి యమున ఒడ్డున చల్దులు తినే ఘట్టం ఇంకా చిన్నపిల్లలకు తగినది. అందులో త్యాగం లేదు, నీతివాక్యం లేదు. వేళ్ల సందున ఊరగాయలు పెట్టుకుని, ఒకరి ముద్ద ఒకరు లాక్కుంటూ, రుచులు చూపించుకుంటూ నవ్వుకునే పిల్లలున్నారు. పంచుకుంటే సంతోషం పెరుగుతుందని మూడేళ్ల పిల్లకు తెలియజేయడానికి ఇంతకంటే సూటి దారి లేదు.

యోహాను సువార్తలో అయిదువేలమంది ఆకలి తీరిన కథకు మొదలు ఒక చిన్నపిల్లవాడి దగ్గరున్న అయిదు యవల రొట్టెలు, రెండు చేపలు. ఇచ్చేవాడు పిల్లవాడే కావడంతో వినే పిల్లలు ఆ కథలో తమను చూసుకుంటారు. గురునానక్ కాలంలో మొదలైన సిక్కుల లంగరులో అందరూ ఒకే వరుసలో నేల మీద కూర్చుని ఒకే తిండి తింటారు. ఈ పూట వడ్డించేవారే మరుపూట వరుసలో కూర్చుని తినేవారు. పిల్లలు కూడా వడ్డనలో చేయి వేస్తారు. ఇచ్చేవారు పైన, పుచ్చుకునేవారు కింద అన్న తేడా ఆ వరుసలో ఉండదు.

గోదావరి లంకల్లోని గన్నవరంలో బతికిన డొక్కా సీతమ్మ (1841–1909) కథ తెలుగు పిల్లలకు ఈ కోవలో దగ్గరైనది. వేళకాని వేళ ఏరు దాటి వచ్చిన బాటసారులకు, ఏ కులమని అడగకుండా, వండి పెట్టిన ఇల్లాలు ఆమె. ఆమె రాజు కాదు, దేవత కాదు, ఇంటి పొయ్యి దగ్గర నిలబడ్డ గృహిణి. ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి 2024లో ఆమె పేరు పెట్టారు కాబట్టి, రోజూ కంచం ముందు కూర్చునే పిల్లలకు ఆ పేరు వెనుక కథ తెలియడం న్యాయం.

చెప్పే తీరు

కథ ఎంత మంచిదైనా చివర చూశావా, నువ్వూ అలా ఉండాలి అనగానే అది శాసనంగా మారిపోతుంది. బృహదారణ్యకోపనిషత్తు ఐదో అధ్యాయంలో ప్రజాపతి దగ్గర చదువుకున్న దేవతలు, మనుషులు, అసురులు ముగ్గురూ ఉపదేశం కోరతారు. ఆయన ముగ్గురికీ ఒకే అక్షరం, ద, చెప్పి ఏమి తెలిసిందని అడుగుతాడు. దేవతలు ఇంద్రియాలను అదుపులో పెట్టుకోమన్నారని, మనుషులు దానం చేయమన్నారని, అసురులు దయ చూపమన్నారని గ్రహిస్తారు. ప్రతివారి జవాబుకూ ఆయన తల ఊపుతాడు. తమ లోపానికి తగిన పాఠాన్ని విన్నవారే వెలికితీసుకున్నారు. గురువు చేసింది చెప్పి, అడిగి, వినడం. పసివారికి కథ చెప్పేవారికి దీనికి మించిన ఆదర్శం అవసరం లేదు.

సీలియా బ్రౌనెల్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇదే చెబుతుంది. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల పిల్లలకు బొమ్మల పుస్తకం చదివేటప్పుడు, బొమ్మలోని వ్యక్తికి ఎలా అనిపిస్తోందో, ఎందుకలా అనిపిస్తోందో పిల్లలనే అడిగిన తల్లిదండ్రుల పిల్లలు మరింత త్వరగా పంచుకున్నారు. పెద్దలే అంతా వివరించడం కంటే పిల్లల చేత చెప్పించడానికే ఈ ప్రభావంతో ఎక్కువ సంబంధం కనిపించింది. కుచేలుడు మూట ఎందుకు దాచుకున్నాడు? చివరి నీళ్లు కూడా ఇచ్చేటప్పుడు రంతిదేవుడికి దాహం వేయలేదా? ఇలాంటి ప్రశ్నలకు తప్పు జవాబు ఉండదు. నేనైతే ఇవ్వను అని పిల్ల అంటే దాన్నీ ఓపికగా వినాలి. నిజాయితీగా చెప్పిన ఆ మాట, పెద్దల మెప్పు కోసం చెప్పిన అవుననే జవాబు కంటే నేర్చుకోవడానికి మంచి మొదలు.

వయసును బట్టి ఎంపిక మారుతుంది. రెండు, మూడేళ్ల వారికి చల్దుల వంటి కలిసి తినే ఆనందపు కథలు. నాలుగు నుంచి ఆరేళ్ల వారికి నీటికుక్కలు, చిత్రగ్రీవుడు, అయిదు రొట్టెల పిల్లవాడు. ఏడెనిమిదేళ్ల వారికి కుచేలుడు, పేలపిండి, రంతిదేవుడు, సీతమ్మ. శిబి, కుందేలు, వెస్సంతరుడు, వామనుడికి మూడడుగులు ఇచ్చిన బలి ఇంకా పెద్దవారికి. చివరి వరుసలోని కథలను పెద్ద పిల్లలతో చదివినప్పుడు దానానికి హద్దు ఉందా, ఇతరులకు చెందినదాన్ని ఇచ్చే హక్కు ఎవరికైనా ఉందా అన్న ప్రశ్నలను తప్పించుకోకూడదు. ఇచ్చే గుణం దుబారాకూ పిసినారితనానికీ మధ్య ఉంటుందని, అది ఎవరి స్తోమతను బట్టి వారిదని అరిస్టాటిల్ నికోమకియన్ నీతిశాస్త్రం నాలుగో భాగంలో చర్చించాడు. పదేళ్లు దాటిన పిల్లలు ఆ చర్చకు సిద్ధంగా ఉంటారు.

కథ చేయలేనివి కూడా ఉన్నాయి. కడుపు నిండని పిల్లకు పంచుకోమని చెప్పే కథ ఆమె మీద మరో భారం మోపుతుంది. ఆమెకు మొదట పెట్టవలసింది అన్నం. అలాగే వాకిట్లోకి వచ్చినవారిని కసిరి పంపే ఇంట్లో రంతిదేవుడి కథ రోజూ వినిపించినా ఫలితం ఉండదు. పిల్లల చేత భిక్ష ఇప్పించవద్దని, పెద్దలే వారి ఎదుట ఇవ్వాలని రూసో సూచించాడు. మంచి గుణాలు చేస్తూ చేస్తూ అలవడేవని అరిస్టాటిల్ అన్నాడు. ఈ రెండు మాటలూ కలిపి చూస్తే కథకు ఉన్న స్థానం తేలుతుంది. ఇంట్లో పిల్ల కళ్లారా చూసే పనికి కథ అర్థం చెబుతుంది, తన ఇష్టంతో చేసే మొదటి చిన్న దానానికి ధైర్యం ఇస్తుంది. ఆదేశించకుండా, ఆశ చూపకుండా, ఎదుటివారిని తక్కువ చేయకుండా చెప్పిన కథ మాత్రమే ఈ పని చేయగలదు. తనంతట తానుగా చేస్తేనే విలువ కలిగే పనిని నేర్పడానికి సంప్రదాయాలు కథను ఎంచుకోవడానికి కారణం ఇదే. కథ పిల్లల చేతిలోంచి ఏదీ తీసుకోదు. ఇవ్వడమంటే ఏమిటో చూపి, ఆ పైన నిర్ణయాన్ని వారికే వదిలిపెడుతుంది.